కోదాడ ఆదివారాలు

ఆ ఆదివారం తెల్లవారినా ఆకాశం తెరుచుకోలేదు. మంచు కిందికి దిగి మిల్లుల గొట్టాల పొగతో కలిసిపోయి, ఏది మంచో ఏది పొగో తెలియకుండా మిర్యాలగూడ అంతా బూడిదరంగుగా ఉంది. పొద్దు పొడిచిన సంగతి కోళ్లకు తెలిసింది గానీ మనుషులకు తెలియలేదు.

మల్సూర్ వాకిట్లో నిలబడి తల దువ్వుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబుకు పెన్ను తగిలించుకున్నాడు. పొయ్యి దగ్గర కూర్చున్న సత్తమ్మ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"కోదాడల వడ్లు సూడనీకి పోతున్నవా, పెండ్లిసూపులకు పోతున్నవా?"

"జర పనున్నది."

"నెల సంది ఆదివారం ఆదివారం గదే పని. నీ మిల్లు ఈడుంటే వడ్లు కోదాడల ఉంటయా?"

మల్సూర్ చెప్పులు వేసుకున్నాడు. జవాబు చెప్పడని సత్తమ్మకూ తెలుసు. సద్ది డబ్బా చేతిలో పెట్టింది. కూతురు మానస అప్పటికే మొదటి బస్సుకు వెళ్లిపోయింది. సూర్యాపేటలో ఇంగ్లీషు మాట్లాడడం నేర్పే సంస్థలో ఆమె టీచరు. రోజూ పొద్దున పోయి పొద్దుగూకాక వస్తుంది. ఆదివారం కూడా డ్యూటీ ఉందని రాత్రి చెప్పింది. ఎక్కడ అని ఎవరూ అడగలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని మల్సూర్ జేబులోంచి మడత కాగితం తీశాడు. అందులో ఐదు ఇంగ్లీషు వాక్యాలు తెలుగు అక్షరాలతో రాసి ఉన్నాయి. పెదవులు కదలకుండా వాటిని చదువుకుంటూ పోయాడు. పక్కనున్న ముసలాయన అది ఏదో మంత్రం అనుకున్నట్టున్నాడు, మర్యాదగా జరిగి కూర్చున్నాడు.

మల్సూర్ చదివింది సొంతూరు మోతె బడిలో ఏడో తరగతి దాకా. ఇరవై ఆరేళ్లుగా మిర్యాలగూడలో ఒకే రైస్ మిల్లులో సరుకు చూసే పని చేస్తున్నాడు. సంచిలో ఇనుప గొట్టం గుచ్చి గుప్పెడు గింజలు లాగి, ఒకటి పంటి కింద పెట్టి, ఎండిందో లేదో, ఆవిరి ఎక్కువైందో తక్కువైందో తేల్చేవాడు. తేల్చేది నోటితో కాదు. బాగుంటే గింజలు బల్ల మీద పోసేవాడు. బాగా లేకపోతే తీసిన సంచిలోనే తిరిగి పోసి, చెయ్యి దులుపుకుని పక్కకు వెళ్లిపోయేవాడు. ఆ సరుకు లారీ ఎక్కదని హమాలీలకు అర్థమయ్యేది. మీ బియ్యం బాగా లేవని మిల్లు యజమాని, పెద్దాయన ప్రభాకర్ పటేలు ముఖం మీద ఏ పనివాడంటాడు? అందుకని ఆ మిల్లులో ఎప్పుడో పుట్టిన పద్ధతి అది. యజమాని గౌరవమూ దక్కేది, సరుకూ దక్కేది.

పెద్దాయన మంచం పట్టాక కొడుకు నిఖిల్ మిల్లు చూసుకుంటున్నాడు. బయటి దేశాల వాళ్లకు బియ్యం పంపడం మొదలుపెట్టాడు. వాళ్లు ఫోన్లో బొమ్మ చూస్తూ మాట్లాడతారు. డిసెంబరులో మొదటిసారి అలా మాట్లాడినప్పుడు, సరుకు చూసేవాడే చెప్పాలని అవతలివాళ్లు అడిగారు. మల్సూర్‌ను ఫోను ముందు నిలబెట్టారు. ఆ లాట్ మంచిది కాదు. గింజ పైకి ఎండింది, లోపల తేమ ఉంది. ఫోన్లో మనిషి ఏదో అడిగాడు. మల్సూర్‌కు ఒక్క మాట రాలేదు. ఇరవై ఆరేళ్లుగా చేసిందే చేశాడు. గింజలు సంచిలో పోసి, చెయ్యి దులుపుకుని పక్కకు వచ్చాడు. అవతలివాళ్లు చూడడం అయిపోయిందనుకున్నారు. ఫోను పట్టుకున్న నిఖిల్ చూపు తెర మీదే ఉంది. ఆ సాయంత్రం లారీలు వెళ్లిపోయాయి. వారానికి ఓడరేవు నుంచి సంచులు వెనక్కి వచ్చాయి. చెయ్యి పెడితే తేమకు లోపల వెచ్చగా ఉన్నాయి.

"నువ్వు చెప్పుంటే ఆపేటోల్లం కద అన్నా" అన్నాడు నిఖిల్.

"సంచిల పోసిన కద సార్."

"ఫోన్ల ఉన్నోల్లకు అది ఎట్ల తెలుస్తది?"

కొత్త సంవత్సరం రోజు మిల్లులో కేకు కోశారు. ఇక నుంచి సరుకు చూసేవాళ్లే కొనేవాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడాలని నిఖిల్ అందరి ముందు చెప్పాడు. జనవరి ముప్పై ఒకటిన మళ్లీ ఫోను ఉందన్నాడు. తర్వాత మల్సూర్‌ను పక్కకు పిలిచి, అప్పటికీ రాకపోతే గేటు దగ్గర కూర్చోమని నెమ్మదిగానే అన్నాడు. ఆ నెమ్మదే మల్సూర్‌కు ముల్లులా దిగింది. ఇన్నేళ్లు తన గుప్పిట వంక చూసిన హమాలీలకు, రేపటి నుంచి కర్ర పట్టుకుని గేటు తీయాలి.

ఇంట్లోనే ఇంగ్లీషు టీచరు ఉంది. అయినా అతను మానసను అడగలేదు. పేరు చూసి కాదు, దూరం చూసి కోదాడలో కొత్త సంవత్సరం బ్యాచిలో చేరాడు. అది కూతురు పనిచేసే సంస్థదే ఇంకో శాఖ అని బోర్డు కింద చిన్న అక్షరాల్లో ఉంది. అతను పెద్ద అక్షరాలు మాత్రమే చదివాడు.

కోదాడలో దిగేసరికి ఎండ వచ్చింది. మెట్లెక్కి లోపలికి పోతే కుర్రకారంతా ఇస్త్రీ బట్టల్లో బిగుసుకుని కూర్చున్నారు. ఆ రోజు పాఠం లేదట, అందరికీ ఉత్తుత్తి ఇంటర్వ్యూలట. నేర్పే జమునా మేడం అతని ముఖం చూసి దగ్గరికి వచ్చింది.

"భయపడకండి అన్నయ్యగారూ. అడిగేవాళ్లు సూర్యాపేట నుంచి వచ్చారు. చాలా మంచి మేడం. మీ కుటుంబం గురించి చెప్పండి, అది మీకు బాగా వచ్చు కదా."

అది నిజమే. నా భార్య పేరు సత్తమ్మ, నాకు ఒక్క కూతురు, ఆమె ఇంగ్లీషు టీచరు. మూడు వారాలుగా వల్లె వేసిన వాక్యాలు అవి. మొదటిసారి విన్నప్పుడు, మీ ఇంట్లోనే టీచరుంటే నా దగ్గరికెందుకు వచ్చారని జమునా మేడం అడిగింది. దూరంలో ఉంటదని చెప్పాడు.

పేరు పిలిచారు. మల్సూర్ తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. బల్ల అవతల కూర్చుని కాగితం మీద రాసుకుంటున్న మానస తల ఎత్తింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తండ్రి వెనకాలే జమునా మేడం నోటుబుక్కుతో వచ్చి గోడవారగా నిలబడింది. నాయినా అని కూతురు పిలుస్తుందేమోనని మల్సూర్ చూశాడు. నా బిడ్డ అని తండ్రి చెప్తాడేమోనని మానస చూసింది. ఆ చూడడంలోనే సమయం దాటిపోయింది.

మానస కూర్చోమని ఇంగ్లీషులో చెప్పింది. పేరు అడిగింది. చెప్పాడు. ఏం పని చేస్తారని అడిగింది. రైస్ మిల్ అన్నాడు. ఆమె కాగితం మీద వరుసగా ఉన్న ప్రశ్నలు చదువుతూ పోయింది. పెళ్లయిందా అన్న తర్వాతది పిల్లలు. ఆ ప్రశ్నను ఆమె కాగితం మీంచి తల ఎత్తకుండానే చదివింది.

మల్సూర్‌కు జవాబు వచ్చు. నాలుక మీదే ఉంది. కానీ ఆ వాక్యం బయటికి వస్తే, ఈ ముడుచుకుని కూర్చున్న ముసలోడు ఆ మేడం తండ్రి అని గోడ దగ్గరున్న జమునా మేడంకు తెలుస్తుంది. సాయంత్రానికి సూర్యాపేట దాకా తెలుస్తుంది. బిడ్డ తల వంగిపోతుంది. అతను చేతిలో ఉన్న కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. లేచాడు. తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

మిర్యాలగూడ బస్సులో మానస ముందు ఆడవాళ్ల సీట్లలో కూర్చుంది. మల్సూర్ చివరి వరుసలో కూర్చున్నాడు. హుజూర్‌నగర్ దాటేదాకా ఆమె జడ తప్ప అతనికేం కనబడలేదు. ఆ తర్వాత జనం ఎక్కి అదీ కనబడలేదు. సద్ది డబ్బా ఒళ్లోనే ఉంది, మూత తీయలేదు.

సత్తమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. అక్కడి నుంచి బస్సు ఆగే చోటు కనబడుతుంది. ముందు కూతురు వచ్చి చెప్పులు విడిచి లోపలికి పోయింది. కాసేపటికి మొగుడు వచ్చాడు.

"ఇద్దరు ఒక్క బస్సు దిగి ఒక్కొక్కరు వస్తున్నరేంది?" అంది.

లోపలి నుంచి మానస బయటికి వచ్చింది. గడప దగ్గరే నిలబడింది. నాయిన నెల రోజులుగా కోదాడ పోయేది వడ్లు చూడడానికి కాదని, ఇంగ్లీషు నేర్చుకోవడానికని తల్లికి చెప్పింది. ఇంటర్వ్యూ సంగతి చెప్పింది. చెప్తున్నంతసేపూ తండ్రి వైపు చూడలేదు. చివరకు చూసింది.

"పిల్లలున్నరా అని అడిగిన. లేచి పోయినవ్. నేను లేనట్టే కద నాయినా."

మల్సూర్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"నేను గీ ఇంట్లనే ఉంటున్న. నీ పక్క అర్రలనే పంటున్న. నన్ను అడగనీకి నోరు రాలే. ఎవరో జమునా మేడం ముంగట కూసోనీకి వచ్చింది. సూర్యాపేటల మా వోల్లకు తెలిస్తే ఏమంటరు? సొంత తండ్రికే నేర్పనిది ఊరికేం నేర్పుతదంటరు."

"నువ్వు మార్కులెన్ని ఏసినవే?" అంది సత్తమ్మ ఉన్నట్టుండి.

మానస కాలి వేలితో గడప రాసింది. "సున్న. మేడం పక్కనే ఉన్నది. ఏం రాయాలె మరి?"

"సరిగనే ఏసినవ్" అన్నాడు మల్సూర్.

"గట్లనకు నాయినా."

"సరిగనే ఏసినవ్ బిడ్డా. రాత్రి వల్లె ఏసింది పొద్దుగల్ల ఉంటలేదు నాకు. యాభై రెండేండ్లు. నా తలకాయల ఇగ ఏం పట్టదు. శనారం ఫోనున్నది. అటెన్క గేటు కాడికే."

గేటు సంగతి సత్తమ్మ వినడం అదే మొదటిసారి. చేట కింద పెట్టింది. గేటేందని అడిగింది. మల్సూర్ డిసెంబరు నుంచి జరిగిందంతా నాలుగు ముక్కల్లో చెప్పాడు. సత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎన్నడూ మొగుణ్ని గట్టిగా అనని మనిషి, ఆ పూట అనకుండా ఉండలేకపోయింది. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లున్నారని, వాళ్లు చెట్లో పుట్టలో కాదని, కడుపులో ఇంత పెట్టుకుని తిరిగితే ఏదో ఒకరోజు పానం మీదికి వస్తుందని అంది. అని, తనే ఏడ్చింది.

మానస తండ్రి ముందుకు వచ్చి కింద కూర్చుంది. ఈసారి గొంతు తగ్గించి అడిగింది.

"నన్నెందుకు అడగలే? అది చెప్పు. ఇంకేం చెప్పకున్నా మంచిదే."

మల్సూర్ తన చేతుల వంక చూసుకున్నాడు.

"రెండేండ్ల కింద దసరాకు మిల్లుల మిషన్లకు పూజ చేసినం. నువ్వొచ్చినవ్. మద్రాసు నుంచి ఒకాయన వచ్చిండు. ఆయనతోని నేను ఇంగ్లీషుల ఒక ముక్క మాట్లాడిన. అందరు నవ్విండ్రు. వాల్లు నవ్వితే నవ్వనీ. నువ్వు నవ్వినవ్ బిడ్డా. నవ్వి, గట్ల కాదు గిట్ల అని అందరి ముంగట చెప్పినవ్."

మానసకు ఆ రోజు గుర్తు లేదు. పూజ గుర్తుంది, పంచిన పులిహోర గుర్తుంది, తను కట్టుకున్న చీర గుర్తుంది. తండ్రి మాట్లాడింది గుర్తు లేదు, తను నవ్వింది గుర్తు లేదు. ఎంత వెతికినా దొరకలేదు. ఆయన రెండేళ్లుగా మోస్తున్నది తన దగ్గర ఆనవాలు కూడా లేకుండా పోయిందని తెలిసి ఆమె ముఖం తెల్లబోయింది.

ఆమె తన సంగతి చెప్పింది. ఎవరికీ చెప్పనిది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె మాట విని తోటి టీచర్లు ఒకరి మోచెయ్యి ఒకరు పొడుచుకునేవారట. సర్కారు బడి ఇంగ్లీషని ఒకామె ముఖం మీదే అందట. బాత్రూంలోకి పోయి నల్లా తిప్పి ఏడ్చేదట.

"అప్పటి సంది ఎవరన్న తప్పు మాట్లాడితే నేనే ముంగట నవ్వుడు అలవాటైంది. నవ్వేటోల్లల్ల కలిస్తే నన్ను చూసి నవ్వరనుకున్న. నువ్వని గూడ సూడలేదనుకుంట నాయినా."

ఆ మాట అని ఆమె మోకాళ్లలో తల పెట్టుకుంది. మల్సూర్ చెయ్యి లేచి ఆమె తల దాకా పోయి, ఆగి, తర్వాత తల మీద ఆనింది. ఓదార్చే మాటలు అతనికి తెలుగులో కూడా రావు.

మర్నాడు సాయంత్రం మానస సూర్యాపేట నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని అతని ఎదురుగా కూర్చుంది. ఐదు వాక్యాల కాగితం తెమ్మంటుందని మల్సూర్ భయపడ్డాడు. ఆమె అది అడగలేదు.

"నాకు బియ్యం నేర్పు" అంది.

"ఏందీ?"

"మూడేండ్ల సంది వచ్చినోల్లందరికి ఒక్క తీరు నేర్పుతున్న. బ్యాంకు మాటలు, ఆఫీసు మాటలు. నీ పని ఏందో నాకే తెల్వది. తెల్వంది నీకేం చెప్పాలె?"

సత్తమ్మ చేటలో గింజలు తెచ్చి పెట్టింది. మల్సూర్ మొదట రెండు మాటలు చెప్పి ఆగాడు. ఆమె ఒక గింజ పంటి కింద పెట్టి, ఇదెట్లుందని అడిగింది. చెప్పాడు. మరి తేమ ఉంటే ఎట్లుంటుందని అడిగింది. పటుక్కుమని విరగదని, పంటికి కొంచెం అంటుకుని చితికినట్టు అవుతుందని చెప్పాడు. ఉడికింది ఎక్కువైతే రంగు ఎలా మారుతుందో, తొందరపడి ఎండబెడితే గింజ కడుపులో ఎలా పగులుతుందో, వానాకాలం పంటకూ యాసంగి పంటకూ తేడా ఏమిటో, ఒకదాని వెనక ఒకటి చెప్పుకుంటూ పోయాడు. సత్తమ్మ పొయ్యి మీద కూర మాడిపోతున్నా వింటూ ఉండిపోయింది. ఆ మనిషి నోట అన్ని మాటలు పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె వినలేదు.

మానస అతను చెప్పినవే తెలుగులో రాసుకుంది. వాటి కింద ఒక్కొక్క ఇంగ్లీషు మాట పెట్టింది. పెద్ద వాక్యాలు వద్దంది. గింజ చేతిలో ఉన్నప్పుడు ఏది కనబడితే అది చెప్పమంది. మంగళ, బుధ, గురువారాలు అలాగే గడిచాయి. కొన్ని వచ్చాయి. కొన్ని ఎంత చెప్పినా పోయాయి. గురువారం ఒకే మాట ఇరవైసార్లు మరిచిపోయి, కాగితం విసిరేసి బయటికి వెళ్లి చీకట్లో నిలబడ్డాడు. మానస వెళ్లి పక్కన నిలబడింది. పిలవలేదు. ఇద్దరూ చలికి లోపలికి వచ్చారు.

శనివారం మిల్లులో ఫోను పెట్టారు. నిఖిల్ పక్కనే నిలబడ్డాడు. లారీలు వరుసగా నిలబడి ఉన్నాయి, ఆ రోజే కదలాలి. మల్సూర్ సంచిలో గొట్టం గుచ్చి గింజలు లాగాడు. ఒకటి పంటి కింద పెట్టాడు.

విరగలేదు. అంటుకుంది.

రెండో సంచి చూశాడు. మూడోది చూశాడు. అదే. హమాలీలు అతని గుప్పిట వంక చూస్తున్నారు. తెరలో మనిషి ప్రశ్న అడిగాడు. మల్సూర్ నిఖిల్ ముఖం వంక చూశాడు. ఆ ముఖం చెప్పమంటోంది. ఏం చెప్పాలో కూడా చెప్తోంది. గుప్పిట అలాగే పట్టుకుని, మల్సూర్ తెర వైపు తిరిగాడు.

"దిస్ లాట్ నో సార్. ఇన్‌సైడ్ వెట్. టూ డేస్ మోర్ డ్రై. దెన్ లోడ్."

తెరలో మనిషి మళ్లీ అడిగాడు, ఖాయమేనా అని. ఆ ప్రశ్న మల్సూర్‌కు అర్థమైంది. అర్థమైనందుకు అతనికే ఆశ్చర్యమేసింది. "ఎస్ సార్. ఐ బైట్, ఐ నో" అన్నాడు. అవతలి మనిషి ధన్యవాదాలు చెప్పి, రెండు రోజుల తర్వాత మాట్లాడదామని ఫోను పెట్టేశాడు. లారీలు ఖాళీగా తిరిగి వెళ్లిపోయాయి.

నిఖిల్ అతన్ని ఆఫీసు గదిలోకి పిలిచాడు. తలుపు వేశాడు. కోపంగా లేడు, అలసిపోయినట్టు ఉన్నాడు. ఇంగ్లీషు నేర్చుకోమన్నది మన సరుకు గురించి చెప్పడానికని, కొనేవాడి ముందు మిల్లు పరువు తీయడానికి కాదని అన్నాడు. చెప్పేదేదో ముందు తనకు తెలుగులో చెప్పాల్సిందన్నాడు.

"డిసెంబర్‌ల చెప్పలేదని అంటిరి కద సార్" అన్నాడు మల్సూర్.

నిఖిల్ కిటికీలోంచి ఖాళీ అయిన జాగా వంక చూశాడు. సోమవారం నుంచి గేటు దగ్గర కూర్చోమన్నాడు. బల్ల దగ్గరికి కోదాడ నుంచి చదువుకున్నవాడు వస్తున్నాడని, ముందే మాట అయిపోయిందని కూడా అన్నాడు.

మల్సూర్ మిల్లు బయటికి వచ్చి చాలాసేపు రోడ్డు పక్కన నిలబడ్డాడు. ఏడుపు వస్తుందనుకున్నాడు. రాలేదు. పంటి సందులో ఇరుక్కున్న గింజ ముక్కను నాలుకతో తీసి ఊశాడు. నడిచి ఇంటికి పోయాడు.

దీపాలు పెట్టే వేళకు ముగ్గురూ ఇంట్లో ఉన్నారు. ఏమైందని సత్తమ్మ కళ్లతో అడిగింది. మల్సూర్ చొక్కా విప్పి కొక్కానికి తగిలించాడు.

"చెప్పిన. వాల్లకు సమజైంది. సోమారం సంది గేటు" అన్నాడు.

మానస చాప పరిచింది. సత్తమ్మ లోపలికి పోయి కంచాలు తెచ్చింది. అన్నం, పప్పుచారు, వంకాయ కూర పెట్టింది. రోజూ ఇద్దరికీ వడ్డించి గడప దగ్గర నిలబడే మనిషి, ఆ పూట తన కంచం కూడా తెచ్చుకుని వాళ్ల మధ్యలో కూర్చుంది. మల్సూర్ చెయ్యి మొదటి ముద్ద దగ్గర ఆగిపోయింది. మానస తన కంచంలోని వంకాయ ముక్క తీసి ఆయన అన్నం మీద పెట్టింది. ఆయన తిన్నాడు. ఆమె తింది. సత్తమ్మ ఇద్దరినీ చూస్తూ కలిపిన ముద్దను నెమ్మదిగా నోట్లో పెట్టుకుంది.